పరదేశంలో మొదటి నెల బస

(పావగడలో జరిగిన ఉగాది సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠము)

శ్రీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు. సంవత్సరానికి పేరు పరాభవమైనది గదా, శుభాకాంక్షలు ఎట్లా చెప్పుకొనేది అని ఉదయం పంచాంగ శ్రవణం దగ్గర ఒక పెద్దాయన నవ్వుతూ అడిగినారు. అరవై పేర్ల వరుసలో ప్రతి పేరుకూ ఒక వంతు ఉన్నది. వేపపువ్వును కూడ పచ్చడిలో కలుపుకొని తినేవారము, పేరును చూచి భయపడతామా? అయితే పరాభవమంటే ఏమిటో మా ఇంటికి 2023లోనే తెలిసినది. ఆ సంగతి చెప్పుటకే ఈ వేదిక ఎక్కినాము.

ముందుగా ఒక మనవి. మాది మెట్రిక్యులేషన్ చదువు, రైల్వేలో గుమాస్తా పని. మేము విమానం ఎక్కినది లేదు. పరదేశాల సంగతి చెప్పుటకు ఈయనకేమి అర్హత అని మీరు అనుకొనవచ్చును. అర్హత ఒక్కటే. తమ్ముడి కుటుంబాన్ని పరదేశానికి సాగనంపుటలో తప్పు చేసినవారము మేము. తప్పు చేసినవానికి దారిలో గుంట ఎక్కడున్నదో బాగా గుర్తుంటుంది.

మన పావగడ తాలూకా పటములో కర్ణాటకకు చెందినదే గాని, చుట్టూ మూడు దిక్కుల ఆంధ్ర దేశమే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కచేరీలో దరఖాస్తు వ్రాసేది కన్నడం. వాన తక్కువ. బోరు వేస్తే నీళ్ళు పడవు, పడితే అందులో ఫ్లోరైడు. శెనక్కాయ ఒక ఏడు పండితే రెండేళ్ళు ఎండుతుంది. కనుక ఊరు విడిచి పోవుట మనకు కొత్త కాదు. కొత్త ఏమిటంటే, మునుపు మగవాడు ఒక్కడే పోయేవాడు. ఇప్పుడు భార్యాబిడ్డలతో కూడ పోతున్నాడు. ఒంటరివాడు స్టేషను బల్ల మీద కూడ ఒక రాత్రి గడుపగలడు. చంటిబిడ్డను చంకనెత్తుకొన్న తల్లి గడుపగలదా? ఈ తేడాను మనము ఇంకా లెక్కలోనికి తీసుకోలేదు. ఉద్యోగమెక్కడ, జీతమెంత, టిక్కెట్టెంత అని అడుగుతాము గాని, దిగిన రాత్రి పిల్లలు ఎక్కడ పడుకొంటారని అడుగము.

మన పెద్దలు అడిగినారు. దారి పొడవునా సత్రములు కట్టించినది అందుకే. మన తుమకూరు జిల్లా గుబ్బివారైన తోటదప్పగారు బెంగళూరులో రైల్వే స్టేషనుకు ఎదురుగానే స్థలము కొని ధర్మసత్రము కట్టించినారు. 1903లో మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరు దానిని ప్రారంభించినారు. రైలు దిగిన మనిషికి మొదట కావలసినది తలదాచుకొను చోటు, తక్కిన పనులన్నీ ఆ తరువాతనే అని ఆయనకు తెలుసు. వచ్చినవారు అక్కడనే ఉండిపోకుండా చాలా సత్రములలో మూడు రోజుల కట్టుబాటు కూడ ఉండేది. మూడు రోజులలో ఊరు చూచుకో, పని చూచుకో, ఇల్లు చూచుకో అని ఆ కట్టుబాటు అర్థము.

రైల్వేలో కూడ ఇట్టి తెలివైన నిబంధన ఒకటి ఉన్నది. బదిలీ అయిన ఉద్యోగి పాత ఊరి క్వార్టరును రెండు నెలలు మామూలు బాడుగకే ఉంచుకొనవచ్చును. పిల్లల చదువో, ఇంట్లో జబ్బో కారణమైతే రెట్టింపు రుసుము మీద మరి ఆరు నెలలు కోరవచ్చును. సామానుకు వేరే పాసు ఇస్తారు. మేము హుబ్బళ్ళి నుండి బెంగళూరుకు బదిలీ అయినప్పుడు ఈ నిబంధన విలువ తెలిసినది. కుటుంబాన్ని అక్కడనే ఉంచి, మేము ఒక స్నేహితుని గదిలో చాప వేసికొని, ఆరు వారములు సాయంకాలములందు తిరిగి ఇల్లు చూచుకొన్నాము. నీళ్ళు ఏ వేళకు వస్తున్నవి, బడి ఎంత దూరము, ఇంటాయన స్వభావమేమి, అన్నీ విచారించిన పిమ్మటనే సామాను దించినాము. ఒక రాష్ట్రములోనే ఊరు మారుటకు అంత జాగ్రత్త పడిన మేము, సముద్రము దాటి పోయే తమ్ముడి విషయములో ఏ జాగ్రత్తా పడలేదు. అదే మా కథ.

మీరందరు ఎరిగినదే, తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, బాలసముద్రం, క్యాతగానచెర్లు అనే అయిదు గ్రామములలో దాదాపు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్ పార్కు వచ్చినది. 2018 మార్చిలో మొదటి దశ ప్రారంభమైనది, 2019 చివరకు 2,050 మెగావాట్లు పూర్తియైనది. రైతుల భూములు కొనలేదు, కౌలుకు తీసుకొన్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి నూటికి 5 వంతున పెంపు. భూమి ఉన్నవారికి ఇది ఆధారమైనది. ఆ భూములలో కూలి చేసుకొని బ్రదికినవారికి పని పోయినది. రెండు మాటలూ నిజమే. మాకు అక్కడ మూడెకరాలు ఉన్నవి. మా తమ్ముడు ఐ.టి.ఐ. చదివి ఆ పార్కులోనే పలకల మరమ్మతు పనిలో చేరి, నాలుగేళ్ళలో సూపర్వైజరు అయినాడు. ఆ అనుభవము చూచి 2023లో దుబాయిలో పని ఇచ్చినారు. ఆ ఎడారిలో కూడ పెద్ద సౌరవిద్యుత్ పార్కు ఒకటి ఉన్నది. 2013 నుండి దశలు దశలుగా పెరుగుతున్నది. పావగడ ఎండలో నేర్చిన విద్య దుబాయి ఎండలో పనికివచ్చినదని మేమందరము పొంగిపోయినాము.

కంపెనీవారు వాడికి పది రోజులకు ఒక గదిలో మంచము ఇస్తామన్నారు, అది ఒంటరివారి గది. వాడు ముందు పోయి తరువాత కుటుంబాన్ని పిలుచుకొందునా అన్నాడు. వద్దని చెప్పినది మేమే. మరదలు, ఆరేళ్ళ పిల్ల, మూడేళ్ళ పిల్లవాడు, వీరిని సందర్శకుల వీసా మీద వెంట తీసుకొనిపొమ్మన్నాము. కలిసి పోతే కష్టమో సుఖమో కలిసే ఉంటారన్నాము. మాట బాగున్నది, లెక్క బాగులేదు.

ఇల్లు వెదుకు పని మేము పెట్టుకొన్నాము. ఫోనులో ఒక ప్రకటన కనబడినది. అల్ ఖుసైస్ అనే పేటలో ఒక పడకగది, వంటగది, మంచాలు, ఫ్రిజ్జు, గిన్నెలతో సహా, నెలనెలా బాడుగ, పటములు కళ్ళు చెదిరేటట్లు ఉన్నవి. బాడుగ తక్కిన వాటికంటె తక్కువ. అవతలివాడు మర్యాదగా మాట్లాడినాడు. ఇంకా ఇద్దరు అడుగుతున్నారు, సాయంకాలము లోపల అడ్వాన్సు పంపితే మీకే అన్నాడు. మూడు వేల దిర్హాములు, అప్పటి మారకములో దాదాపు 67,000 రూపాయలు. డబ్బు వేయుటకు మన దేశములోని ఖాతా నంబరే ఇచ్చినాడు, పేరు మాత్రము వేరు. మా బావమరిది ఖాతా అన్నాడు. కౌంటరు దగ్గర పది రూపాయలైనా రసీదు లేక పుచ్చుకొనని చేయి ఇది. ఆ చేతితోనే, రసీదు లేకుండ, మా ఫోను నుండి ఆ డబ్బు పంపినాము. మూడెకరాల ఏడాది కౌలుకు దగ్గర దగ్గర అది.

నవంబరు నెలలో ఒక అర్ధరాత్రి దాటి వాళ్ళు దిగినారు. తెల్లవారుజామున మూడున్నరకు మా ఫోను మ్రోగినది. అక్కడ అప్పుడు రెండు గంటలు. "అన్నా, ఆ ఇల్లు లేదన్నా" అన్నాడు తమ్ముడు. భవనమున్నది, ఆ నంబరు గల ఇల్లూ ఉన్నది; అందులో ఎవరో ఆరేళ్ళుగా కాపురముంటున్నారు. ఇవే పటములు పట్టుకొని వచ్చిన మూడవ కుటుంబము మీది అని కాపలావాడు చెప్పినాడట. ఆ పుణ్యాత్ముడు పిల్లలకు నీళ్ళిచ్చి, తన కుర్చీ మరదలికి వేసినాడు. నాలుగు పెట్టెలు, రాగిపిండి మూట, ఇద్దరు బిడ్డలతో మరదలు ఆ వాకిట్లో కూర్చున్నది. పిల్లవాడు "ఇంటికి పోదాం" అని ఏడుస్తున్నాడు. ఏ ఇంటికి? పరాభవమనే మాటకు మాకు తెలిసిన అర్థమిదే.

మా తమ్ముడితో పనిచేయవలసిన కడప జిల్లా సోదరుడొకడు, అంతవరకు ముఖము కూడ చూడనివాడు, ఆ వేళ లేచి వచ్చి వాళ్ళను తన ఇంటికి పిలుచుకొనిపోయినాడు. వారిదే ఒక గది, ఒక హాలు. ఆ హాలులో వీరు మూడు రాత్రులున్నారు. నాల్గవనాడు అనుమతి గల అద్దె బస ఒకటి నెలకు కుదుర్చుకొని మారినారు. ఇక మోసపోయిన డబ్బు సంగతి. మన దేశములో ఇట్టి మోసానికి 1930 నంబరుకు వెంటనే ఫోను చేసి ఫిర్యాదు ఇస్తే, డబ్బు ఖాతాలోనే ఉన్నంతవరకు నిలుపుటకు అవకాశమున్నది. మేము సిగ్గుపడి మూడు రోజులు ఆలస్యము చేసినాము. ఆ లోపల డబ్బు ఖాతాలు మారిపోయినది. మీలో ఎవరికైనా ఇట్లా జరిగితే సిగ్గును ప్రక్కన పెట్టి మొదటి గంటలోనే ఫోను చేయండి.

ఆ తరువాత మేము కూర్చొని దుబాయి ఇంటి వ్యవహారమంతా కాగితము మీద వ్రాసి చూచినాము. చూడగా మోసము లేకపోయినా మా ఏర్పాటు తప్పేనని తెలిసినది. అక్కడ స్థిరమైన బాడుగ ఇల్లు దిగిన వారములో దొరకదు. ఎందుకో వినండి.

అక్కడ ఇళ్ళు సాధారణముగా ఏడాదికి బాడుగకు ఇస్తారు. బాడుగను ముందు తేదీలు వేసిన చెక్కులుగా ఒకటో, రెండో, నాలుగో, ఆరో వాయిదాలలో ముందే ఇవ్వవలెను. చెక్కుపుస్తకము కావలెనంటే బ్యాంకు ఖాతా కావలెను. ఖాతాకు ఎమిరేట్సు గుర్తింపు కార్డు కావలెను. ఆ కార్డుకు వైద్యపరీక్ష, నివాస వీసా పని జరుగవలెను. దీనికి వారములు పడుతుంది. ఇల్లు కుదిరిన పిమ్మట ఒప్పందాన్ని ఇజారీ అనే పద్ధతిలో ప్రభుత్వము దగ్గర నమోదు చేయించవలెను. మన రెవెన్యూ కాగితాలలోని ఇజారా అనే మాటకు ఇది చుట్టమే. భార్యాబిడ్డలకు నివాస వీసా అడుగునప్పుడు ఆ నమోదు కాగితము చూపవలెను. కుటుంబాన్ని పిలిపించుకొను ఉద్యోగికి 4,000 దిర్హాముల జీతమైనా, లేక 3,000 జీతము, దానితో కూడ బస అయినా ఉండవలెననే నిబంధన మరొకటి. కార్డు, ఖాతా, చెక్కు, ఇల్లు, నమోదు, కుటుంబ వీసా, ఇవి రైలు బోగీల వలె ఒకదానికొకటి తగిలించి ఉన్నవి. ఇంజను కదలక ముందే చివరి బోగీ స్టేషను చేరవలెనంటే చేరుతుందా?

డబ్బు లెక్క కూడ చూడండి. ఉదాహరణకు ఏడాది బాడుగ 60,000 దిర్హాములనుకొందాము. అక్కడి వాడుక ప్రకారము ఖాళీ ఇంటికి నూటికి 5 వంతున అడ్వాన్సు 3,000. సామానుతో కూడిన ఇంటికి నూటికి 10 వంతున 6,000. దళారికి నూటికి 5 వంతున 3,000. నీళ్ళకు, కరెంటుకు అపార్టుమెంటైతే డిపాజిట్టు 2,000. ఏడాది బాడుగలో నూటికి 5 వంతున మునిసిపాలిటీ రుసుము. దానిని నెలనెలా నీళ్ళ, కరెంటు బిల్లులోనే కలుపుతారు. మన లెక్కకు అది నెలకు 250. వీటన్నిటి మీద మొదటి చెక్కు. మొదటి జీతము చేతికి రాకముందే ఇంత డబ్బు ఎక్కడిది? కనుక మొదటి నెలకు కొద్దికాలపు బస విలాసము కాదు. నదికి వంతెన ఎట్లాంటిదో మొదటి నెలకు అది అట్లాంటిది. వంతెన మీద ఎవరూ కాపురము పెట్టరు గాని, వంతెన లేక ఎవరూ ఆవలి ఒడ్డు చేరరు.

మా అభిప్రాయము ఇది. ఇక్కడ కూర్చొని అక్కడి స్థిరమైన ఇంటిని వెదుకవద్దు. మొదటి నెల బస మాత్రమే ఇక్కడనుండి కుదుర్చుకొనండి. అసలు ఇంటిని అక్కడ కాలితో నడిచి, కంటితో చూచి పట్టండి. వీలైనంతవరకు ఇంటి పెద్ద ముందు పోయి, కార్డు, ఖాతా, ఇల్లు చూచుకొని, ఆపైన కుటుంబాన్ని పిలుచుకొనుట మేలు. విరహము రెండు నెలలు, శాంతి రెండేళ్ళు. తప్పనిసరిగా కలిసి పోవలసి వస్తే మొదటి నెల బస ఖాయమైన తరువాతనే టిక్కెట్టు కొనండి. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరకనే అనలేదు.

ఆ మొదటి బస ఎట్లా ఎంచుకొనవలెను?

మొదటిది అనుమతి. దుబాయిలో సెలవుల ఇండ్ల పేరుతో కొద్దికాలానికిచ్చే ఇళ్ళకు 2013లో వచ్చిన శాసనము ప్రకారము పర్యాటకశాఖ అనుమతి ఉండవలెను. ఆ అనుమతి నంబరు అడగండి. ప్రకటన ఇచ్చే దళారికి కూడ ప్రభుత్వపు నమోదు ఉండవలెను. రైలు టిక్కెట్టుకు పి.ఎన్.ఆర్. నంబరు ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. నంబరు చెప్పనివాడు ఎంత తీయగా మాట్లాడినా టిక్కెట్టు లేని ప్రయాణీకుడే. అనుమతి గల హోటలు అపార్టుమెంట్లు కూడ ఉన్నవి. బాడుగ కొంచెము ఎక్కువైనా మొదటి రెండు వారములకు అవి నిశ్చింత.

రెండవది అడ్డగోడల గదులు. చవక అని చెప్పి ఒక హాలును చెక్కలతో నాలుగు గదులుగా చీల్చి ఇస్తారు. అవి నిప్పుకు, ఊపిరికి ప్రమాదము. 2025 జూన్‌లో దుబాయి మునిసిపాలిటీ అల్ రిగ్గా, సత్వా మొదలైన పేటలలో ఇట్టి అక్రమపు గదుల మీద గట్టి చర్య తీసుకొన్నది. పిల్లలతో అక్కడ దిగితే ఏ రాత్రి ఖాళీ చేయవలసి వస్తుందో తెలియదు.

మూడవది వంటగది. పొయ్యి లేని గది బాడుగ తక్కువగా కనబడుతుంది. నలుగురికి మూడు పూటలా హోటలు భోజనము లెక్కవేయండి, అప్పుడు ఏది చవకో తేలుతుంది. మా మరదలు ఆ నెలంతా పిల్లలకు సంగటి, చారు చేసి పెట్టగలిగినందువల్లనే వాళ్ళకు కొత్త నేల పట్టుబడినది. కొత్త ఊరిలో పిల్లవాడికి పాత రుచి ఒకటి కావలెను. పొయ్యి గ్యాసా, కరెంటా; గిన్నెలెన్ని; బట్టలుతుకు యంత్రమున్నదా; మంచాలు ఎన్ని, అన్నీ అడగండి. ఆ దేశములో చల్లగాలి లేనిదే వేసవిలో బ్రదుకు లేదు. చిల్లర్ బిల్లు బాడుగలో చేరినదా, వేరా అని తప్పక అడగండి. అది వేరైతే లెక్క తారుమారవుతుంది.

నాల్గవది సామాను పట్టిక. దీనిని మాకు నేర్పినది మా అమ్మ. సౌర పార్కు కట్టే రోజులలో దూర రాష్ట్రాల పనివారు మన గ్రామాలకు వచ్చినారు. మా ఇంటి ముందు గదిని అమ్మ వారికి బాడుగకు ఇచ్చినది. నులకమంచము, నీళ్ళకుండ, పొయ్యి, నాలుగు బోకులు అందులో పెట్టినది. ఇప్పుడు సామానుతో కూడిన ఇల్లు అని పెద్ద పేరు పెట్టినది కూడ అదే గదా! చేరిన రోజున వారి ముందరనే "రెండు చెంబులు, ఒక తపేల, ఒక గరిటె" అని గట్టిగా లెక్కపెట్టి అప్పగించేది. పోయే రోజున మళ్ళీ లెక్కపెట్టేది. ఒకడు నెల బాడుగ ఎగవేసి పోయినాడు. మరొకడు ఇప్పటికీ పండుగకు ఫోను చేసి అమ్మ ఆరోగ్యము విచారిస్తాడు. ఇంటివారికీ భయమే, బాడుగవారికీ భయమే. లెక్క గట్టిగా ఉంటే ఇద్దరికీ భయము పోతుంది. మేము స్టేషనులో చార్జి అప్పగించునప్పుడు చేసేదీ అదే. కనుక ఇంట్లో అడుగు పెట్టిన మొదటి గంటలో ప్రతి గదికి, ప్రతి గీతకు, ప్రతి మరకకు ఫోనులో పటము తీసి ఇంటివారికి పంపండి. అడ్వాన్సు ఎన్ని రోజులలో తిరిగి ఇస్తారో, ముందే ఖాళీ చేస్తే ఎంత పట్టుకొంటారో వ్రాతలో అడగండి. మాట గాలికి పోతుంది, వ్రాత నిలుస్తుంది.

అయిదవది డబ్బు. చూడని ఇంటికి, పేరు కలియని ఖాతాకు, రసీదు లేని చేతికి ఒక్క పైసా పంపవద్దు. తొందరపెట్టేవాడు మోసగాడని అనుకొని తప్పుకొనండి. నిజముగా మంచివాడైతే ఒక రోజు ఆగుతాడు. మనవాడెవడో ఒకడు పోయి ఆ తలుపు తట్టి చూచి వచ్చినదాకా ఆ ఇల్లు లేనట్టే లెక్క.

దేశానికొక చట్టమున్నదని కూడ గుర్తుంచుకొనండి. మా చెల్లెలి కుటుంబము వచ్చే జూన్‌లో సింగపూరుకు పోతున్నది. అక్కడ ప్రైవేటు ఇళ్ళను మూడు నెలలకు తక్కువగా, ప్రభుత్వ గృహసంస్థ ఇళ్ళను ఆరు నెలలకు తక్కువగా బాడుగకు ఇవ్వరాదు. పది రోజులకు ఇల్లిస్తానని ఎవడైనా ప్రకటన వేస్తే వాడు చట్టము తప్పుతున్నాడన్నమాట. అక్కడ కొద్దిరోజులకు హోటలో, లైసెన్సు గల సర్వీసు అపార్టుమెంటో దారి. న్యూయార్కు నగరములో 30 రోజులకు తక్కువగా ఇచ్చే ఇంటివారు నగరములో నమోదు కావలెనని 2023 సెప్టెంబరు నుండి గట్టిగా అమలు చేస్తున్నారు. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారములలో చిరునామా నమోదు చేయించవలెను, దానికి ఇంటివారి సంతకము కావలెను. సంతకమివ్వని కొద్దికాలపు బస అక్కడ చిక్కు తెస్తుంది. ఇంగ్లండులో 2019 చట్టము వల్ల సాధారణ బాడుగ ఇళ్ళకు అయిదు వారముల బాడుగకు మించి అడ్వాన్సు అడుగరాదు. ఇంగ్లండు కొలత దుబాయిలో చెల్లదు, దుబాయి వాడుక సింగపూరులో చెల్లదు. పోవు దేశమేదో దాని చట్టము మొదట తెలిసికొనండి.

ఇక అసలు మనవి. మేము చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించినా ఒక్కటి మిగిలిపోతుంది. చెల్లెలి టిక్కెట్టు మాట వచ్చినప్పుడు మా అమ్మ చట్టము అడుగలేదు, బాడుగ అడుగలేదు. "దిగిన రాత్రి ఏమైనా తేడా వస్తే ఎవరి వాకిట్లో నిలబడతారురా?" అని అడిగినది. మేము జవాబు చెప్పలేకపోయినాము. ఆ జవాబు మీ దగ్గర ఉన్నది. ఈ పందిట్లో కూర్చున్నవారిలో దుబాయిలో ఉన్నారు, సింగపూరులో ఉన్నారు, బెంగళూరు, హైదరాబాదు నగరాలలో ఉన్నారు. తోటదప్పగారి వలె సత్రము కట్టగల శక్తి మనకు లేదు. కాని మనము తలచుకొంటే మన ఇళ్ళే సత్రమవుతవి.

కనుక సంఘమువారికి మూడు సూచనలు చేస్తున్నాము. ఒకటి, ఊరూరి వరుసన ఒక పుస్తకము పెట్టవలెను. ఏ నగరములో మనవారెవరు సెలవు దినమున ఒక గంట వెచ్చించి, కొత్తగా వచ్చేవారి బసను ముందుగా కంటితో చూచి చెప్పగలరో అందులో వారి పేర్లు, వారి సమ్మతితో, వ్రాసి ఉంచవలెను. మా 67,000 రూపాయలు పోకుండ ఉండుటకు ఆ ఒక్క గంట చాలి ఉండేది. రెండు, ఇబ్బందిలో పడిన కుటుంబానికి మూడు రాత్రులు, మూడే రాత్రులు, చోటు ఇవ్వగలవారి పట్టీ ఒకటి. మూడు అని ఎందుకంటున్నామంటే, హద్దు ఉంటేనే ఇచ్చేవారికి ధైర్యము, పుచ్చుకొనేవారికి గౌరవము. ఆ కడప సోదరుని ఇల్లాలు మూడు రాత్రులు పరుల పిల్లలకు అన్నము పెట్టినది. ఆమెకు కూడ తెల్లవారితే పని ఉన్నది, ఇరుకు ఉన్నది. అది మనము మరువరాదు. మూడు, ఈ పనిలో సంఘము డబ్బు ముట్టరాదు, దళారీ చేయరాదు. చూచి చెప్పుట వరకే మన పని. డబ్బు ప్రవేశించినచోట మాట పోతుంది.

ఇంకొక చిన్న మాట ఆడవారి కొరకు. ఆ పుస్తకములోని నంబర్లు మగవారి ఫోనులోనే ఉంటే చాలదు. మా తమ్ముడు ఆ రాత్రి టాక్సీవానితో మాట్లాడుచుండగా, మరదలి చేతి ఫోనులో అక్కడి మనిషి నంబరు ఒక్కటైనా లేదు. ఇల్లాలి ఫోనులోను, ఒక కాగితము మీదను కూడ అవి ఉండవలెను. ఫోను చచ్చిపోవచ్చును, కాగితము చావదు.

మా తమ్ముడి కుటుంబము ఇప్పుడు క్షేమము. నెల దాటిన పిమ్మట బడికి దగ్గరగా రెండు గదుల ఇల్లు పట్టినారు, పెద్దది బడిలో చేరినది. మరదలు తన హాలులో ఒక పరుపు చుట్టి గోడకు ఆనించి ఉంచుతుంది. ఎందుకమ్మా అని అడిగితే, "ఎవరైనా వస్తే వేయడానికి బావా" అన్నది. గడిచిన ఏడాది ఆ పరుపు మీద రెండు కుటుంబాలు పడుకొని లేచి పోయినవట. మా 67,000 రూపాయలు మాకు తిరిగి రాలేదు. ఆ పరుపును చూచినప్పుడు మాత్రము అవి పూర్తిగా పోలేదనిపిస్తుంది.

సభ చాలించుటకు ముందు బల్ల మీద ఒక ఖాళీ పుస్తకము పెడుతున్నాము. మొదటి పుటలో దుబాయి అని వ్రాసి మా తమ్ముడి పేరు చేర్చినాము. రెండవ పుటలో సింగపూరు అని మాత్రము వ్రాసినాము. క్రింద ఇంకా పేరు లేదు. మీలో ఎవరైనా వ్రాస్తే ఈ సాయంకాలము మా అమ్మకు జవాబు చెప్పుకొంటాము.